అక్కయ్య ఇచ్చిన మంచి పేగు

ఆ పరిశోధనశాలలో అక్కయ్య అంటే ఒక్కరే. పంతొమ్మిదేళ్ళ సర్వీసు. మొన్నమొన్న చేరిన విద్యార్థులూ అక్కయ్యే అంటారు, ఆవిడకంటే మూడేళ్ళు పెద్దదైన ల్యాబు మేడమూ అక్కయ్యే అంటుంది. ఆవిడ పని చిట్టి పేగుల్ని పెంచడం. నవ్వకండి, నిజంగా పేగులే. పేగుపూత రోగులకు గొట్టం వేసి చూసేటప్పుడు డాక్టర్లు గింజంత ముక్క తుంచి పంపుతారు. అందులోని మూలకణాల్ని చల్లటి జెల్లు చుక్కల్లో కుదిర్చి, రెండ్రోజులకోసారి పోషక ద్రవం మారుస్తూ సాకితే, వారం తిరిగేసరికి మైక్రోస్కోపు కింద బుడగల్లా, మొగ్గలు తొడుగుతూ కనిపిస్తాయి. ఆ బుడగ గోడ అచ్చం ఆ మనిషి పేగు గోడే. రోగి పేగు ఎందుకు మొరాయిస్తుందో మనిషిని కోయకుండా పళ్ళెంలోనే చూడొచ్చు.

ఈ పని మీద ఆవిడకు అంత మమకారం ఎందుకంటే, ఆవిడ తమ్ముడిదీ అదే జబ్బు. ఇరవై ఆరేళ్ళ వయసులో ఆరు నెలల్లో పుల్లలా అయిపోయి, చివరికి పెద్దపేగు తీయించుకుని, పొట్టకు సంచి తగిలించుకు తిరుగుతున్నాడు. నోరు కట్టుకోరా అంటే విన్నావా అని ఆవిడ ఇప్పటికీ వాణ్ణి దెప్పుతూనే ఉంటుంది. జబ్బుకు కారణం ఒక్క తిండే కాదని ల్యాబులో రోజూ వింటుంది. అయినా వాడు ఎదురుపడగానే నోటికి ఆ మాటే వస్తుంది. అక్కలింతే.

ఇక ఆవిడ పద్ధతి చెప్పాలి. మంచి పేగు, అంటే జబ్బు లేని మనిషి పేగు, ఉన్న పళ్ళెం ముందు, రోగి పళ్ళెం తర్వాత. రెండూ ఒకేసారి బల్ల మీద పెట్టడం ఆవిడ ఇంటా వంటా లేదు. మధ్యలో స్పిరిటుతో తుడుస్తుంది, గ్లవ్స్ మారుస్తుంది, ద్రవం సీసా కూడా వేరేది తెరుస్తుంది. ఈ చాదస్తం చూసి విద్యార్థులు నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనీండి. పంతొమ్మిదేళ్ళలో ఆవిడ చేతిలో ఒక్క పళ్ళెం తారుమారు కాలేదు.

ఈ ఏడు పాత మంచి పేగు బాగా ముదిరిపోయి పెరగడం మానేసింది. పోల్చి చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్న మనిషి ముక్క కావాలి. సిబ్బందిలోనే ఎవరో ఒకరు ఇష్టపడి ఇవ్వడం అక్కడి అలవాటు. ఈసారి అక్కయ్య ముందుకొచ్చింది. గొట్టం వేసిన డాక్టరు, చూపుకి లోపలంతా నున్నగా ఉందన్నాడు. రాళ్ళు తిన్నా అరాయించుకునే కడుపు తనదని ఆవిడ వారం రోజులు గొప్పలు పోయింది.

రెండు నెలలకు కళ్ళజోడు పిల్ల, అంటే ఆ ప్రయోగం చేస్తున్న విద్యార్థిని, ముఖం మాడ్చుకుని వచ్చింది. వాపు పుట్టించే మందు వేస్తే మంచి పేగు గోడ తట్టుకుని నిలబడాలి, రోగి పేగు గోడ చితికి, చుట్టూ పోసిన రంగునీళ్ళు బుడగ లోపలికి కారాలి. మూడుసార్లు చేసినా అక్కయ్య పేగు కారింది. రోగి పేగుకంటే ముందే కారింది.

మేడం గది తలుపేసి మరీ అడిగింది, ఎప్పుడైనా వరస మారిందేమో, రోగి పళ్ళెం ముందు ముట్టుకుందేమో గుర్తు చేసుకోమని. మెల్లగానే అడిగింది. అయినా అక్కయ్యకు చెంప ఛెళ్ళుమనిపించినట్టయింది. పళ్ళేలు మారాయని తేలితే రెండు నెలల పనీ చెత్తబుట్టలోకే, దాంతోపాటు ఆవిడ పేరూను.

"నా చెయ్యి తప్పు చెయ్యలేదు మేడం. నా రక్తం తీసుకోండి, ఆ పళ్ళెంలో కణాలూ తీసుకోండి. రెండూ డీఎన్ఏ పరీక్షకి పంపించండి" అంది.

పంపారు. పది రోజులు అక్కయ్యకు ముద్ద దిగలేదు. బస్సులో ఉన్నా, వంటగదిలో ఉన్నా ఒకటే మొక్కు: దేవుడా, ఆ పేగు నాదేనని తేల్చు. ఇంత పని తెలిసిన మనిషి, తను ఏం కోరుకుంటోందో ఒక్క క్షణం ఆగి చూసుకోలేదు. పరువు మీదికొచ్చినప్పుడు ఎవరికి మాత్రం బుర్ర పనిచేస్తుంది?

పదకొండో రోజు మధ్యాహ్నం మేడం కాగితం తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. పళ్ళెంలోవి అక్కయ్య కణాలే. వేరే మనిషి కణాల జాడే లేదు.

"చెప్పానా" అంటూ అక్కయ్య కుర్చీలోంచి లేచింది. ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఇకమీదట పెద్దవాళ్ళని అనేముందు ఒకటికి రెండుసార్లు చూసుకోమని కళ్ళజోడు పిల్లకు చురక కూడా అంటించింది. ఆ పిల్ల నవ్వలేదు. మేడమూ నవ్వలేదు. తమ్ముడికి ఆపరేషన్ తప్పదని చెప్పిన రోజు డాక్టరు ఇలాగే చూశాడు.

"జబ్బో కాదో తేల్చేది నేను కాదక్కయ్యా, డాక్టరు. కానీ రేపే వెళ్దాం, నేనూ వస్తాను" అంది మేడం. దగ్గరికి జరిగి అడిగింది, "ఈ మధ్య కడుపులో ఎలా ఉంటోంది?"

అక్కయ్యకు అప్పుడు ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. పొద్దున్నే నాలుగుసార్లు బాత్రూముకి వెళ్ళాల్సి రావడం వయసు వల్ల అనుకుంది. నడుం దగ్గర బట్టలు వదులైతే సన్నబడ్డానని మురిసిపోయింది. ఎవరెవరి పేగుల్లోనో ఆ జబ్బును గుర్తుపట్టే మనిషి, తన ఒంట్లో ఉంటే పోల్చుకోలేకపోయింది. పైగా పది రోజులు దేవుణ్ణి అడిగింది ఇదే. మళ్ళీ కుర్చీలో కూర్చుంది.

కాసేపు తనను ఒక్కదాన్నే వదిలెయ్యమని చెప్పి, తమ్ముడికి ఫోన్ చేసింది. వాడు ఎప్పటిలాగే, ఈసారి ఏం తిన్నానని తిట్టడానికి చేశావని మొదలెట్టాడు. ఆవిడ తిట్టలేదు.

"ఒరేయ్, నీకు మొట్టమొదట్లో ఎలా ఉండేదిరా?"



"ఎవరి కోసం అడుగుతున్నావక్కా?" అన్నాడు తమ్ముడు.

"నా కోసమేరా" అంది.