మాట అందిన మనిషి

ఎవరేం చెప్పినా శ్రీపాద ముందు "అందింది" అంటాడు. పని సంగతి తర్వాత. పెళ్లిలో పురోహితుడు "నాతిచరామి అనండి" అంటే కూడా "అందింది" అన్నాడు. పక్కనున్న మేధ పీటల మీదే తల పట్టుకుంది.

ఈ జబ్బు అతని పని అంటించింది. ఎక్కడో ఒక సర్వర్లో ఏదైనా జరగగానే ఆ కబురు శ్రీపాద ల్యాప్‌టాప్‌కి వస్తుంది. దాన్ని వెబ్‌హుక్ అంటారు. వెంటనే "అందింది" అనకపోతే, కబురు దారిలో పోయిందనుకుని అవతలి సర్వర్ మళ్లీ మళ్లీ పంపుతుంది.

గౌలిపుర పాలవ్యాపారి గోవర్ధన్‌కి ఆర్డర్ల యాప్ రాస్తూ, శ్రీపాద పరీక్షకని తన ఇంటి పేరు మీదే ఒక ఆర్డరు పెట్టాడు. అతని ప్రోగ్రాం ముందు పని చేసి, తీరిగ్గా "అందింది" అని జవాబిచ్చింది. దాంతో అదే ఆర్డరు తిరిగి తిరిగి వచ్చింది. వచ్చినదల్లా గోవర్ధన్ ఫోనుకి వెళ్తోందన్న సంగతి మరిచాడు. తెల్లారేసరికి గుమ్మం ముందు పాలక్యాన్ల వరస.

"ఏంది భాయ్, ఇంట్ల పెండ్లా?"

"టెస్టింగ్ అన్నా!"

"టెస్టింగ్ అని బర్రెకు ఎర్కనా? పిండేసిన!"

గల్లీ అంతా కోవా తింది. శ్రీపాద నియమం పెట్టుకున్నాడు: మాట ఎన్నిసార్లు వచ్చినా అందిందనాలి, పని మాత్రం ఒక్కసారే చెయ్యాలి.

"గ్యాస్ అయిపోయిందండీ."

"అందింది."

"రెండోసారి చెప్తున్న!"

"అందింది. మొదటిసారికే బుక్ చేసిన."

మేధకు కోప్పడే సందే దొరికేది కాదు.

నానమ్మ కోమలవల్లికి ఈమధ్య మతిమరుపు. "గోవర్ధన్ వాళ్ల బర్రె ఈనిందా?" అని పొద్దంతా అడుగుతుంది. ఒకనాడు మేధ అత్తగారు యశోద విసుక్కుంది.

"ఎన్నిసార్లు చెప్పాలె అత్తమ్మా? ఇందాకనే చెప్పిన గదా!"

ముసలామె నోరు మూసుకుంది. బర్రె సంగతే కాదు, మంచినీళ్లు కూడా అడగలేదు. పొద్దు వాలినా ఆ నోరు తెరుచుకోకపోయేసరికి మేధకు భయమేసింది.

శ్రీపాద ల్యాప్‌టాప్ మూసి మంచం పక్కన కూర్చున్నాడు.

"నానమ్మా, ఇయ్యాల బర్రె సంగతి అడగలేదేంది?"

"అడిగిన్నో ఏమో బిడ్డా. యాదికి లేదు."

"అడిగితే ఏమైతది? నీ మాట చేరిందో లేదో నీకెట్ల తెలుస్తది? మళ్ల అడుగు. చెప్పుడు నా పని."

కోమలవల్లి యశోద ఉన్న వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"ఈనిందా?"

"ఈనింది. ఆడదూడ!"

"నిజంగనా!" అని చప్పట్లు కొట్టింది. కబురు పాతదే, ఆమె సంతోషం మాత్రం సరికొత్తది.

మేధ నీళ్లు తెచ్చింది. గ్లాసు ఖాళీ చేసి కోమలవల్లి మూతి తుడుచుకుంది.

"అవునే మేధా, గోవర్ధన్ వాళ్ల బర్రె..."

"ఈనింది నానమ్మా. దూడకు నుదుట తెల్లచుక్క కూడ ఉంది!"

నానమ్మ గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది.

"మెల్లగ చెప్పు పిల్లా! దిష్టి తగుల్తది."