అనుమానం ఎవరిది

మొన్న సెలవుకు వచ్చి సిద్దిపేట బజారులో నడుస్తుంటే, ఒక బట్టల కొట్టులో కొత్త దుప్పటిని రెండు కొసలు పట్టి విదిలించారు. బట్ట ఫట్టుమని, గాలి నిండి, క్షణంసేపు గుమ్మటంలా నిలిచి మెల్లగా కిందికి దిగింది. కొనేదేమీ లేకపోయినా అక్కడే నిలబడిపోయాను. నాకు సబిహా మేడం గుర్తొచ్చారు.

మనుషులను అంతరిక్షంలోకి పంపే పనిలో బయటి లోకానికి తెలియని బృందాలు ఎన్నో ఉంటాయి. మాది పారాచూట్ల బృందం. వ్యోమగాములు తిరిగి వచ్చేటప్పుడు వాళ్ల నౌక సముద్రం మీద మెల్లగా వాలాలంటే అవి సరిగ్గా విచ్చుకోవాలి. ఆ బృందానికి మేడం పెద్ద. వాళ్ల నాన్న సిద్దిపేటలో దూది ఏకి పరుపులు కుట్టేవారు. నేనేమో అదే ఊళ్లో చేనేత ఇంటి పిల్లను. ఉద్యోగంలో చేరిన రోజు మా ఊరి పేరు చెప్పగానే ఆమె ఇంగ్లీషు ఆపేసి, "ఏ గల్లీ మీది?" అన్నారు. ఊరుకాని ఊళ్లో ఆ ఒక్క మాటతో నా బెరుకు సగం తీరింది.

ఒకసారి శిక్షణలో ఉన్న వ్యోమగామి ఒకాయనను మేడం మా హాలుకు తీసుకొచ్చారు. కుట్టేవాళ్లను, మడిచేవాళ్లను పేరుపేరునా పరిచయం చేశారు. ఆయన బట్టను వేళ్ల మధ్య నలిపి, "ఇంత పల్చగా ఉంటుందా?" అన్నాడు. మేమందరం నవ్వాం. ఆయన నవ్వడానికి కాస్త సమయం పట్టింది. ఆయన వెళ్లాక మేడం, "గా మొఖం యాదుంచుకోన్రి" అని మాత్రం అన్నారు.

తర్వాత కొన్నాళ్లకు, ఖాళీ నౌకను విమానంలోంచి జారవిడిచే పరీక్ష వచ్చింది. పారాచూట్ మడిచి సంచిలో బిగించాం. తనిఖీ కూడా అయిపోయింది. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాక నాకు ఒక అనుమానం పట్టుకుంది. మళ్లీ విప్పితే పరీక్ష వాయిదా పడుతుంది, విమానం వెనక్కి వెళ్లిపోతుంది. అయినా లేచి మేడం గదికి వెళ్లాను.

"మేడం, ఒక తాడు పక్క తాడు మీదికెక్కిందేమో అనిపిస్తుంది."

"కండ్ల చూసినవా?"

"ఖాయంగ చెప్పలేను."

ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "అండ్ల మనుషులు కూసుంటే ఏం చెప్తవ్? ఖాయం లేదు గని ఎక్కున్రి అంటవా?"

"అనలేను మేడం."

"అయితే విప్పుదాం పా."

విప్పాం. ఒక్కో తాడూ పట్టి చూశాం. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

పరీక్ష వాయిదా పడింది. మరుసటి రోజు సమావేశంలో పై అధికారి, "అసలు ఈ అనుమానం ఎవరికి వచ్చింది?" అని గట్టిగా అడిగాడు. నేను లేవబోయేంతలో మేడం లేచారు. "నాకే సార్." ఆయన అన్న మాటలన్నీ నిలబడే విన్నారు.

బయటికి వచ్చాక ఏడుపు ఆపుకోలేక, "నా కోసం అబద్ధమెందుకు చెప్పిన్రు?" అన్నాను.

"అబద్ధమెట్లయితది బిడ్డా? నువ్వు చెప్పినంక నాకు గూడ వచ్చింది గద." నాలుగడుగులు నడిచాక ఆగారు. "నిన్ను గాడ నిలబెడితే రేపు ఇంకెవరన్న నోరు తెరుస్తరా?"

తర్వాత ఆ పరీక్ష బాగానే జరిగింది. ఆ ఏడాది ఆమెకు రావలసిన పదోన్నతి మాత్రం వేరేవారికి వెళ్లింది. ఆ మాట ఆమె ఎన్నడూ ఎత్తలేదు.

పదవీ విరమణ తర్వాత మేడం సిద్దిపేటకే వచ్చేశారు. అప్పటికే కిడ్నీలు పాడయ్యాయి. పోయిన ఎండాకాలం చూడడానికి వెళ్తే దిండుకు ఆనుకొని కూర్చున్నారు. ఒంట్లో ఎలా ఉందని అడిగితే చెయ్యి ఊపేసి, బృందం సంగతులు చెప్పమన్నారు. ఇప్పుడు మడిచే పని నేనే చూస్తున్నానని, కొత్తగా చేరిన అమ్మాయి అనుమానంగా ఉందంటే అంతా విప్పించానని చెప్పాను.

"ఏమన్న దొరికిందా?"

"ఏం దొరకలే మేడం."

"మంచిగనే అయింది. గా పిల్ల మల్లొస్తదా నీ దగ్గరికి?"

"వస్తది."

"గంతే గావాలె" అని కళ్లు మూసుకున్నారు. ఆ వానాకాలంలోనే మేడం పోయారు.

మా నౌకలో మనుషులు ఇంకా ఎగరలేదు. ఎగిరే రోజును ఆమె చూడలేదన్న బాధ నాకు ఎప్పటికీ ఉంటుంది. నా గది తలుపు దగ్గర ఎవరైనా చెప్పాలా వద్దా అని తటపటాయిస్తూ నిలబడితే, చేతిలో పని పక్కన పెట్టి ముందు కుర్చీ చూపిస్తాను. ఎంత తొందరలో ఉన్నా సరే, వాళ్ల మాట పూర్తయ్యేదాకా గడియారం వైపు చూడను.