నలభై దాటిన ముల్లు

షోరూమంతా కొత్త రబ్బరు వాసన. "అయిదొందల కిలోమీటర్ల దాకా నలభై దాటించకండి సార్," అన్నాడు సేల్స్ కుర్రాడు, బండి కొన్న నన్ను వదిలేసి మా ఆయనతో.

ఆ మాట నాకు ఏడేళ్లప్పుడే తెలుసు. ఆమదాలవలసలో కొత్త బండి తీసుకున్న రోజు, నాన్న నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని శ్రీకాకుళం బయల్దేరాడు. నలభై దాటితే ఇంజను పేలిపోతుందనుకుని నేను స్పీడోమీటరు ముల్లునే చూస్తూ కూర్చున్నాను. ఇంతలో మావ పాత స్కూటరు మీద వెనకనుంచి వచ్చి, "ఏటి బావా, కొత్త బండి తోసుకెల్తన్నావేటి?" అని నవ్వుతూ మమ్మల్ని దాటిపోయాడు. నాన్న నలభై లోపలే పోనిచ్చాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. పేలితే పేలనీ అని, నాన్న చేతి మీద చెయ్యేసి యాక్సిలేటరు తిప్పేశాను.

ముల్లు నలభై దాటింది. ఏమీ పేలలేదు.

"ఒసే, ఏటే ఆ పని!" అని అరిచాడు నాన్న. అరిచాడే గానీ, మావని దాటేదాకా చెయ్యి వెనక్కి తిప్పలేదు.

ఇవాళ తాళం నేనే అందుకుని, మా ఆయన్ని వెనక కూర్చోమన్నాను. నాగావళి వంతెన మీద ఆయన నా భుజం తట్టాడు.

"నలభై దాటేస్తన్నావు, సూడు!"

"పేలదు. గట్టిగా పట్టుకోండి," అన్నాను.