నా వెనక తాడు పట్టినావిడ

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ఇప్పటికీ అంతే. ఇది చదివి "చూశావా, చివరికి నువ్వూ నమ్మావు" అంటూ ఎవరూ రావద్దు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతవరకే.

తొంభైల చివర్లో నేను విజయనగరం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసేదాన్ని. అంతకు ముందు వానాకాలంలో మా అక్క పచ్చకామెర్లతో పోయింది. నాకంటే మూడేళ్ళు పెద్ద. మంచం మీద ఉండగా రెండుసార్లు కబురు పెట్టింది, ఒక్కసారి వచ్చి వెళ్ళవే అని. సెలవు దొరకలేదన్నాను. గట్టిగా అడిగితే దొరికేది. అడగలేదు.

ఆ తర్వాత ఇంటికొచ్చిన ప్రతి చుట్టానిదీ ఒకటే పాట. మీ అక్క ఎక్కడికీ పోలేదమ్మా, నీ చుట్టూనే ఉంది అని. నాకు కడుపు మండిపోయేది. "ఉంటే ఎదురుగా వచ్చి నాలుగు తిట్టమనండి, పడతాను" అని మా పిన్ని మొహం మీదే అన్నాను. పాపం, పిన్ని లెంపలేసుకుంది.

నా వాలకం చూడలేక మా ఆఫీసులో రమణమ్మ, రెండు రోజులు మా ఊరు రా అని లాక్కెళ్ళింది. సంతబొమ్మాళి దగ్గర సముద్రం ఒడ్డు పల్లె వాళ్ళది. శివరాత్రి దాటిన వారం. ఎక్కిన రైలు టెక్కలి దాటి పలాస దాకా ఆగదు. అదీ మంచిదే, కాశీబుగ్గలో జీడిపప్పు కొనుక్కోవచ్చు అంది. కొనుక్కుని, టెక్కలి బస్సులో వెనక్కొచ్చాం.

మర్నాడు పొద్దున్నే తేలినీలాపురం పక్షుల్ని చూశాం. చెట్ల నిండా గూడకొంగలు, వాటి గోల. పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారట వాటిని ఆ ఊళ్ళో. మధ్యాహ్నం రమణమ్మ వదిన లేత పనసకాయ కూర, పచ్చి జీడిపప్పు వేసి వండింది. పక్కన ఎండు నెత్తళ్ళ వేపుడు. అక్క పోయాక నేను కడుపునిండా తిన్నది ఆ పూటే. ఇదెందుకు చెప్తున్నానంటే, నీరసం వచ్చి ఏదో ఊహించుకుందిలే అంటారు కాబట్టి.

నాలుగింటికి ఒడ్డుకి వెళ్ళాం. ఎండ ఇంకా గట్టిగానే ఉంది. అలివి వల లాగుతున్నారు. వలని పడవలో తీసుకెళ్ళి సముద్రంలో వేసి, దాని రెండు కొసల తాళ్ళనూ ఒడ్డు మీద నుంచి రెండు జట్లు లాగుతాయి. రమణమ్మకి కాలు బెణికింది కాబట్టి పడవ నీడన కూర్చుంది. తాడు లాగుతున్న పోలమ్మ అనే ఒకావిడ నన్ను కేకేసింది.

"కూకుని సూడ్డం దేనికమ్మా? వొచ్చి తాడట్టుకో. కూరకి సేపలు నీకూ పెడతాం."

అక్కడి పద్ధతి అది. తాడు పట్టినవాళ్ళు ఎవరైనా సరే, చివర్లో వాళ్ళ వంతు చేపలు పెడతారు. నన్ను అందరికంటే వెనక నిలబెట్టారు. లాగిన తాడు వెనక్కి వదిలేయ్, తర్వాత చుట్టుకుంటాం అన్నారు. నలభై నిమిషాలు లాగాను. అరచేతులు మండాయి. మధ్యలో తాడు జారబోతే వెనక నుంచి ఎవరో బిగించి పట్టారు. ఎవరో ఒకరు వచ్చి కలిశారనుకున్నాను.

వల ఒడ్డుకి చేరాక వల పెద్ద అరిచాడు. "ఎవులు సుట్నారిది? ఎడం సుట్టు సుట్టీసినారు! పడవలోంచి ఇడిసేటప్పుడు మెలికడి కాలికి తగుల్కుంటాది!"

"ఈయమ్మ ఎనకాల ఉన్నావిడే సుట్టినాది. తెలీదు కావాల, పోనీ" అంది పోలమ్మ. అని నా ముందు రెండు కుప్పలు పెట్టింది. "ఇది నీది. ఇది నీతో వొచ్చినావిడది."

నాతో వచ్చింది రమణమ్మే, ఆవిడ తాడు ముట్టుకోలేదన్నాను.

"రమణమ్మని నానెరగనా? ఇంకొకావిడ. నీ పోలికే. ఎల్లిపోనాదేటి?"

నాతో ఇంకెవరూ రాలేదని అరిచాను. పోలమ్మ తొణకలేదు. "అరుత్తావేటమ్మా? పెట్టిన వొంతు ఇసకలో వొగ్గీకూడదు. తీసుకెల్లు."

అప్పుడు తిరిగి చూశాను. తాడు గుండ్రంగా, పొందిగ్గా చుట్టి ఉంది. మా అక్కది ఎడంచేతి వాటం. చిన్నప్పుడు ఎన్ని దెబ్బలు తిన్నా మారలేదు. బట్టల తాడు చుట్టినా, ఊలు ఉండ చుట్టినా మా అందరికీ ఎదురు వైపు తిరిగేది.

అడుగుజాడలంటారా, అంతమంది తొక్కిన ఇసకలో ఏం తెలుస్తుంది? పోలమ్మతో పాటు ఇంకో ఇద్దరు ఆవిణ్ణి చూశామన్నారు. రమణమ్మ మాత్రం నా వెనక ఎవర్నీ చూడలేదంటుంది. మర్నాడు పల్లెంతా అడిగాను. ఆ తాడు నేనే చుట్టానన్న మనిషి దొరకలేదు.

రెండో కుప్ప సముద్రంలో కలిపేయమంది రమణమ్మ వదిన. కలపలేదు. రెండూ పులుసు పెట్టించి నేనే తిన్నాను, ఏడుస్తూ తిన్నాను.

దయ్యాల్ని నేను నమ్మను. ఆ తాడు సంగతి మాత్రం ఈనాటికీ నాకు అంతుపట్టలేదు. అక్కే అయితే అక్కతో నాకు తగువుంది. అంత దూరం వచ్చినదానివి, నోరారా నాలుగు తిట్టి పోతే నీ సొమ్మేం పోయేదే? పేరు పెట్టి ఒక్కసారి పిలవకూడదా?

పిలవలేదని కోపం తెచ్చుకుంటాను గానీ, నలభై నిమిషాలు నా వెనకే నిలబడితే, ఎవరా అని ఒక్కసారి కూడా తిరిగి చూడనిది నేనే.