టెస్ట్ ల్యాంపు సంచిలోనే ఉంది

1957 జూన్‌లో నన్ను శాలిబండ కరెంటు సెక్షన్‌లో ప్రొబేషన్ మీద ఓవర్సీరుగా వేశారు. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు నేను చేయవలసినవి మూడు: ఆ లైను ఫ్యూజు తీయడం, టెస్ట్ ల్యాంపు తగిలించి కరెంటు లేదని చూడడం, తీసిన ఫ్యూజును ఎక్కే మనిషి జేబులో పెట్టడం. ఫ్యూజు అతని దగ్గరుంటే కింద ఎవరూ తిరిగి బిగించలేరు.

మూడో వారంలో ఒకరోజు పై అధికారులెవరూ పనిచోటికి రాలేదు. వాన వచ్చేలా ఉంది. ఫ్యూజు తీశాను, ల్యాంపు పెట్టకుండానే ఎక్కమన్నాను. నేను తీసింది పక్క లైను ఫ్యూజు. లైన్‌మన్ యేసుదాసు షాక్ కొట్టి నడుము బెల్టుకు వేలాడాడు. ప్రాణం దక్కింది, కుడిచెయ్యి కాలింది.

మూడు రోజుల్లో ఇంజినీరుకు రిపోర్టు ఇవ్వాలి. ‘లైన్‌మన్ తొందరపాటు’ అని రాస్తే సరిపోతుందని హెడ్‌క్లర్కు సలహా ఇచ్చాడు. నిజం రాస్తే నా ఉద్యోగం పోవచ్చు. మాది క్రైస్తవ కుటుంబమే. ప్రార్థనలో నా తప్పులన్నీ వరుసగా చెప్పుకున్నాను, భయం తగ్గలేదు. దేవుడు కూడా నాకు తనిఖీకి వచ్చే అధికారిలాగే ఉండేవాడు.

మూడోనాడు ఆసుపత్రికి వెళ్లి, తప్పు నాదేనని యేసుదాసుకు చెప్పాను.

“ఎరుకే సారూ. నన్ను దించినప్పుడు చూసిన, ల్యాంపు నీ సంచిల్నే ఉండె.”

మరి ఇంజినీరుకు ఎందుకు చెప్పలేదని అడిగాను. అది నేనే చెప్పుకోవలసిన మాటని ఆగాడట, నాకోసం ప్రార్థన మాత్రం చేశాడట. నా ప్రార్థన సంగతి చెబితే నవ్వాడు.

“దేవుడేమన్న ఇన్‌స్పెక్టరా? నీ తప్పులన్ని ఎరికుండి గూడ నీకోసం తన కొడుకునే సిలువ మీద ఇచ్చిండు. గంత ప్రేమ జేసినోడు రేపు నిన్ను ఇడిచిపెడ్తడా? నౌకరి పోతే పోతది. జర నీళ్లు తాపు, చెయ్యి లేస్తలేదు.”

తన చెయ్యి కాలడానికి కారణమైనవాడి చేతి నీళ్లు అతను తాగాడు. దేవుని ప్రేమ మీద ఎన్నో ప్రసంగాలు విన్నాను. అది నాక్కూడా వర్తిస్తుందని ఆ మంచం పక్కనే తెలిసింది.

ఆఫీసుకు వచ్చి రిపోర్టు నాలుగు వాక్యాల్లో రాసి ఇచ్చాను. ఉద్యోగం ఉంటుందో లేదో ఇంకా తెలియదు. అయినా ఆ మధ్యాహ్నం అన్నం తినగలిగాను. వారం తర్వాత ఇంజినీరు నా ప్రొబేషన్ ఏడాది పొడిగించాడు.

యేసుదాసు మళ్లీ స్తంభం ఎక్కిన రోజు ల్యాంపు మూడుసార్లు పెట్టి చూశాను.

“ఇగ చాలు సారూ, పొద్దు గూకుతది” అన్నాడు.

అధికారి భయంతో చేసే పరీక్షను అధికారి లేనినాడు మానేస్తాం. నేను అలాగే మానేశాను. ఆ తర్వాత ఉద్యోగమంతా ల్యాంపు పెట్టింది పైకెక్కే మనిషి కోసం.