ఘాజియాబాద్ హాల్లో ఎవరూ నవ్వలేదు

సినిమా చూడటానికి ఘాజియాబాద్ దాకా వెళ్తారా ఎవరైనా అని ఆఫీసులో తెలుగు మిత్రులు నన్ను ఆటపట్టించారు. వెళ్ళింది నా సినిమా కోసం మరి. గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూనే రెండేళ్ళ క్రితం ఒక చిన్న తెలుగు కామెడీకి కథ రాశాను. దాన్ని ఇప్పుడు హిందీలోకి డబ్ చేసి ఇటువైపు పాత థియేటర్లలో వేస్తున్నారు. దర్శకుడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. "జనం మధ్య కూర్చుని చూసి రండి మేడమ్. ఎక్కడెక్కడ నవ్వుతున్నారో రాసుకోండి. రెండో భాగంలో నాన్న పాత్ర పెంచుదాం. రాస్తారో లేదో సోమవారానికి చెప్పేయండి," అన్నాడు. రాస్తానని అప్పటికే మనసులో అనేసుకున్నాను.

శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు మా ఇంటి దగ్గర మునిర్కాలో మెట్రో ఎక్కాను. హౌజ్ ఖాస్‌లో ఒకసారి, కశ్మీరీ గేట్‌లో ఇంకోసారి లైన్ మారాలి. ఘాజియాబాద్‌లో చివరి స్టేషన్ కొత్త బస్ అడ్డా దాకా దాదాపు గంటన్నర, టికెట్ అరవై రూపాయలకు కాస్త అటూ ఇటూ. సినిమాలో అందరికీ గుర్తుండిపోయిన సీన్ పుట్టింది ఆ హౌజ్ ఖాస్‌లోనే. మా నాన్న రిటైరైన ఫిజిక్స్ మేష్టారు, కాకినాడలో అన్నయ్య దగ్గర ఉంటారు. మూడేళ్ళ క్రితం ఢిల్లీ వచ్చినప్పుడు ఇక్కడి ఎస్కలేటర్ ముందు ఆగిపోయారు. కాలు పైకి లేస్తుంది, మళ్ళీ వెనక్కి వచ్చేస్తుంది. "మీరెళ్ళండి, మీరెళ్ళండి" అంటూ వెనకవాళ్ళకు దారి ఇస్తూ పావుగంట నిలబడ్డారు. నేను అప్పటికే పైకి చేరి నవ్వుకుంటూ వీడియో తీస్తున్నాను. చివరికి ఆయన ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు. జరిగింది జరిగినట్టే సినిమాలో రాసేశాను.

తెలుగులో ఆ సీన్‌కు హాళ్ళు ఊగిపోయాయి. నాన్న కాలెత్తినప్పుడల్లా దర్శకుడు ఒక బొంయ్‌మనే శబ్దం వేయించాడు. కాకినాడలో నా పక్కన కూర్చుని నాన్న కూడా నవ్వారు. ఆ తర్వాత మూడుసార్లు ఢిల్లీ రమ్మంటే మోకాళ్ళ నొప్పులన్నారు, నేను నమ్మాను.

స్టేషన్ బయట ఈ-రిక్షా ఇరవై రూపాయలు. సినిమా పేరు చెప్పగానే డ్రైవర్ వెనక్కి తిరిగి చూశాడు.

"అచ్ఛా, ఆ పిక్చరా దీదీ? రుమాలు తెచ్చుకున్నారా? మా ఆవిడ ఇంటికొచ్చాక కూడా ఏడ్చింది."

"అది కామెడీ కదా భయ్యా?"

"ఎవరు చెప్పారు మీకు?" అన్నాడు.

వేరే సినిమా అనుకుంటున్నాడులే అనుకున్నాను. తీరా చూస్తే థియేటర్ గోడ మీద పోస్టర్‌లో మా నాన్న పాత్ర ఒంటరిగా నిలబడి ఉంది, చుట్టూ నల్లరంగు. హిందీ హక్కులు కొన్నవాళ్ళు దీన్ని కన్నీటి కుటుంబ కథగా మార్చి అమ్ముతున్నారని అక్కడే తెలిసింది.

బాల్కనీ నూట ఇరవై. పన్నెండు గంటల ఆటకు ముప్పై మంది ఉంటారేమో. నా పక్కన ఒక ఆంటీ, ఆవిడ కోడలు. ఎస్కలేటర్ సీన్ వచ్చేసరికి నవ్వులు లెక్కపెట్టడానికి ఫోన్ తీసి కూర్చున్నాను. బొంయ్ శబ్దం లేదు. యంత్రం తిరుగుతున్న మోత, దాని వెనక సన్నగా వేణువు, అంతే. అదే నటుడు, అదే కాలు, ఒక్క షాట్ కూడా మార్చలేదు. హాల్లో ఒక్కరూ నవ్వలేదు. ఆ కాలు వెనక్కి రావడంలో ఉన్నది భయమని నాకు అప్పుడే కనిపించింది. అంతమందిలో పరువు పోతుందని పెద్దాయన పడుతున్న భయం.

తెర మీద పైన నిలబడ్డ కూతురు కనిపించింది. ఆంటీ కోడలి వైపు వంగింది.

"లడ్కీ పైనే నిలబడిందేమిటి? కిందికి రాదా?"

"చేతిలో ఫోన్ ఉంది కదా మమ్మీజీ, వీడియో తీస్తోంది."

నా చేతిలో ఫోన్ గబుక్కున బ్యాగులో పడేశాను.

ఇంటర్వెల్‌లో ఆంటీ నాకు సమోసా ఇవ్వబోయింది. ఉండబట్టలేక, తెలుగులో ఇది కామెడీ ఆంటీ, జనం కడుపుబ్బ నవ్వారు అని చెప్పాను. కథ నాదని చెప్పే ధైర్యం మాత్రం రాలేదు. ఆవిడ సమోసా పట్టుకుని అలాగే చూసింది.

"కామెడీయా? ఎవరికి బేటా?"

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని నాన్న క్లాసులో ఎన్నిసార్లు అనుంటారో. రెండో సగం చూడలేక బయటికొచ్చి, చోలే కుల్చే బండి పక్కన నిలబడి ఆయనకు ఫోన్ చేశాను.

"నాన్నా, సినిమాలో ఆ మెట్రో సీన్‌కి నువ్వు నిజంగానే నవ్వావా?"

"హాలంతా నవ్వుతుంటే నేనొక్కణ్ణే నవ్వకపోతే నీకు తెలిసిపోద్ది కదమ్మా. అందుకే నవ్వేను. ఇప్పుడెందుకే అదంతా?"

క్షమించమని అడిగాను. "ఊరుకో, ముందు భోంచెయ్యి," అన్నారు. సోమవారం దాకా ఆగకుండా రెండో భాగం రాయనని దర్శకుడికి మెసేజ్ పెట్టేశాను.

ఇది కామెడీ అని ముందే చెబితే జనం నవ్వడానికి సిద్ధపడి వస్తారు, ఒక శబ్దం అందిస్తే చాలు. ఆ పేరు పెట్టింది నేనే కాబట్టి అందరికంటే ముందు నవ్విందీ నేనే. మా నాన్న ముఖం సరిగ్గా చూడటానికి నాకు వేరే భాష, ముక్కూ మొహం తెలియని ముప్పై మంది కావాల్సి వచ్చింది. అందుకు సిగ్గుపడుతున్నాను.

పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని ఢిల్లీ తిరగబోయేవారికి ఒక్క సూచన. హౌజ్ ఖాస్‌లో లైన్ మారేచోట ఎస్కలేటర్ ఒక్కటే దిక్కు కాదు, లిఫ్ట్ ఉంది. తిరిగి వస్తూ గార్డును అడిగితే వెంటనే చెయ్యి చాపి చూపించాడు. మూడేళ్ళ క్రితం నేను అడగలేదు.