ఖైతాన్ ఉస్తాద్‌కు నేను అంటగట్టిన తప్పు

గత నెల ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చోబోతుండగా రాయచోటి నుంచి ఫోను వచ్చింది. "చిన్నాయనా, అబ్బా పోయినాడు. పొద్దున చాయ్ తాగి కుర్చీలో కూచున్నోడు కూచున్నట్టే పోయినాడు" అన్నాడు మా ఉస్తాద్ పెద్దకొడుకు. కువైట్‌లో నాకు పని నేర్పిన మనిషి ఉస్తాద్. ఆ మాట వినగానే నాకు ముందు ఏడుపు రాలేదు. ఆయనకు చెప్పాల్సిన ఒక సంగతి ఇక చెప్పే పని తప్పిందని లోపలెక్కడో నిమ్మళించింది. అలా అనిపించినందుకు సిగ్గేసి, అన్నం ముట్టకుండా లేచాను. మా ఆవిడ అది దుఃఖమనుకుంది.

ఎనభైల మొదట్లో మాట. ఖైతాన్‌లో ఒక రేడియో, టీవీ రిపేరు షాపు. ముందు గదిలో పనిబల్ల, వెనక గదిలో మా మంచాలు. నేను కోనసీమ నుంచి ఐటీఐ సర్టిఫికెట్టు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని దిగాను. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు, ఇద్దరు పిల్లలు, ఒళ్ళంతా పొగరు. ఉస్తాద్ ఐదో తరగతి దాటలేదు. మా వైపు అలవాటు కొద్దీ "ఉస్తాద్ గారండీ" అంటే పడీపడీ నవ్వేవారు. "ఉస్తాదూ నువ్వే అంటావు, గారూ నువ్వే అంటావు, మళ్ళా అండీ గూడానా? ఒకటి తగ్గించుకో నాయనా, మోయలేకుండా ఉండా."

ఆయన పని తీరు వేరు. విప్పిన మరలను విప్పిన వరసలోనే డబ్బా మూతలో పేర్చేవారు. బాగుచేసిన రేడియోను వార్తల మధ్యలో ఎప్పుడూ కట్టేసేవారు కాదు, చదివేవాడు వాక్యం పూర్తి చేసేదాకా వేలు స్విచ్ మీద పెట్టుకుని నిలబడేవారు. "మాట మధ్యలో గొంతు నొక్కితే బాగుండదు" అనేవారు. చాదస్తం అనుకుని నవ్వుకునేవాణ్ణి.

ఒకసారి అల్ రాయ్‌లోని గ్యారేజీ యజమాని ఒక స్కానర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎక్కించిన చానెళ్ళను ఒకదాని వెంట ఒకటి తిరిగేస్తూ, మాట వినపడ్డ చోట ఆగే రేడియో అది. టైపు మిషనులా అంకెల మీటలు, పైన వరసగా చానెల్‌కొకటి ఎర్ర దీపాలు. పోలీసుల మాటలు విని, యాక్సిడెంటు ఎక్కడ జరిగితే అక్కడికి అందరికన్నా ముందు తన లాగుడు బండిని పంపాలని ఆయన ఆశ. దొంగచాటు వ్యవహారమే. ఉస్తాద్ వద్దన్నారు. మా వీసాకు పూచీ ఉన్న అరబ్బు యజమాని, కఫీల్, మాత్రం "యల్లా, చెయ్యి" అన్నాడు. కఫీల్ మాట కాదంటే ఆ దేశంలో నిలబడే చోటుండదు.

ఆ యంత్రానికి ఉస్తాద్ పని నేర్పడం చూసి తీరాలి. పోలీసు చేతిలోని వాకీటాకీ మాట అట్టే దూరం పోదు. ఎత్తయిన చోట ఉండే రిపీటర్ దాన్ని అందుకుని, వేరే ఫ్రీక్వెన్సీ మీద ఊరంతటికీ గట్టిగా వినిపిస్తుంది. మనం పట్టుకోవాల్సింది ఆ రెండోదాన్ని. మనిషి మాట ఆగినా రిపీటర్ వెంటనే ఆగదు, రెండు రెప్పపాట్లు బుస్సుమంటుంది. ఆ బుస్సు కోసమే ఉస్తాద్ రోజుల తరబడి వెతికారు. దొరికిన ప్రతి అంకెనూ పాత అట్టముక్క మీద ఉర్దూలో రాసుకున్నారు. తర్వాత చానెల్ నంబరు నొక్కి, ఫ్రీక్వెన్సీ నొక్కి, ఎంటర్ నొక్కి ఒక్కొక్కటీ ఎక్కించారు. చివర ప్రతి చానెల్‌కూ విడిగా డిలే మీట నొక్కారు.

"ఇది మర్చిపోవాకు నాయనా" అన్నారు. "డిలే లేకుంటే ఒకడు అడగంగానే మిషన్ ఇంకో చానెల్‌కి ఎగిరిపోతాది. జవాబు మనకు రాదు. అడిగింది విని జవాబు వినకపోతే, ఏమీ విననోని కంటే అన్యాయం."

గ్యారేజీ ఆయన నెల రోజులు విదేశం వెళ్ళడంతో స్కానర్ మా దగ్గరే ఉండిపోయింది. సరిగ్గా అప్పుడే మా గదిలోని మూడోమనిషికి కష్టమొచ్చింది. కడప వైపు టైలర్, ఉస్తాద్‌ను భాయ్ అనేవాడు. పాత కఫీల్ కొడుతుంటే తట్టుకోలేక వచ్చేశాడు, ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితం గడువు దాటిపోయింది. సాల్మియాలో ఒక బట్టలకొట్టు వాళ్ళు అతన్ని తీసుకోవడానికి ఒప్పుకుని కాగితాలు పెట్టారు. ఇంకొక్క వారం చెకింగులో దొరక్కుండా ఉంటే చాలు, మనిషి నిలబడతాడు. స్కానర్‌ను ఎవరికీ వినిపించకూడదన్న ఉస్తాద్ ఆ ఒక్క వారానికి మెత్తబడ్డారు. ఆయనే దాని ముందు కూర్చుని చెకింగు ఎక్కడో వినేవారు.

నాలుగో రోజు సాల్మియాలో ఎవరింట్లోనో టీవీ బాగుచెయ్యడానికి వెళ్తూ స్కానర్ నాకు అప్పగించారు. "డిలే చూసుకో" అని గుమ్మంలోంచి మళ్ళీ చెప్పారు. ఆయన వీధి మలుపు తిరిగారో లేదో, నేను డిలేలన్నీ తీసేశాను. డిలే ఉంటే దీపాలు ఈడుస్తూ నడిచేవి. తీసేస్తే జరజరా పరుగెత్తేవి. ఎక్కువ చానెళ్ళు చూస్తే ఎక్కువ తెలుస్తుందని నా ఐటీఐ తెలివి. ఐదో తరగతి మనిషి నాకు చెప్పేదేమిటన్న కండకావరం కూడా ఉంది, దాచడం దేనికి.

మధ్యాహ్నం రెండు దాటాక స్కానర్ ఒక దీపం దగ్గర ఆగింది. అరబ్బీలో "ఖైతాన్... తఫ్తీష్" అని వినిపించింది. తఫ్తీష్ అంటే చెకింగు. వెంటనే దీపం ముందుకు పోయింది.

"టైలర్ భాయ్, లెగండి! మన వీధికే వచ్చేత్తన్నారండి!" అని వెనక గదిలోకి అరిచాను.

"యాడికి పొయ్యేది?"

"అల్ రాయ్ గ్యారేజీకి పోండి. ఓనరెలాగూ లేడు, బళ్ళ వెనకాల కూచోండి."

అతను చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా షేర్ టాక్సీ ఎక్కేశాడు. నేను గొప్ప పని చేసినవాడిలా వచ్చి ఆ చానెల్ మీదే స్కానర్‌ను ఆపి విన్నాను. ఖైతాన్ మాట లేదు. అల్ రాయ్, అల్ రాయ్ అని పది గొంతులు. అప్పుడర్థమైంది. ఇందాక ఖైతాన్‌లో చెయ్యాలా అని ఒకడు అడిగాడు, వద్దు అల్ రాయ్‌కి రండి అని రెండోవాడు చెప్పి ఉంటాడు. మొదటివాడు అడిగింది మాత్రమే నేను విన్నాను. రోడ్డు మీదికి పరుగెత్తాను. టాక్సీ లేదు. అతన్ని గ్యారేజీ సందు మొదట్లోనే పట్టుకున్నారు.

ఇక్కడిదాకా పొరపాటు అనుకోవచ్చు. తర్వాత నేను చేసింది పొరపాటు కాదు. షాపులోకి వెనక్కి వచ్చి, చెమటలు కారుతుండగా, ఒక్కో చానెల్‌కూ మళ్ళీ డిలే నొక్కాను. పదహారుసార్లు. ఒక్కటి కూడా వదల్లేదు.

ఉస్తాద్ వచ్చాక "జవాబు మధ్యలో తెగిపోయిందండి. మొన్న మీరు మార్చారు కదండి ఆ స్క్వెల్చ్ మీట, అక్కడే ఏదో లూజుందండి" అన్నాను. సన్నటి సిగ్నల్‌ను ఉంచాలో తీసేయాలో తేల్చే మీట అది. ఆయన సొంతచేత్తో సోల్డర్ పెట్టింది.

"డిలే పెట్టే ఉంటివా?"

"పెట్టానండి. చూసుకోండి."

చూసుకున్నారు. అన్నీ ఉన్నాయి. మూత విప్పి ఆ టంకాన్ని భూతద్దంలో చాలాసేపు చూశారు. అందులో లోపమేమీ లేదని నాకు తెలుసు. ఆయన మాత్రం దాన్ని కరిగించి మళ్ళీ వేశారు. "నా చెయ్యే తప్పినట్టుండాది" అన్నారు. ఆ రోజు టీ కూడా తాగలేదు. టైలర్‌ను ఇండియాకు తిప్పి పంపేసే రోజు అతని పెట్టె తీసుకుని ఉస్తాద్ వెళ్ళి, చువ్వల అవతల నిలబడ్డ మనిషికి తప్పు తనదేనని చెప్పి వచ్చారు. నేను పక్కనే ఉన్నాను. నోరు పెగల్లేదు అనడం కూడా అబద్ధమే. పెగల్చలేదు.

ఆ తర్వాత ఆరేళ్ళు ఆయన దగ్గరే పనిచేశాను. నాకు కలర్ టీవీ నేర్పారు, నా పిల్లకు జబ్బు చేస్తే కఫీల్ కాళ్ళు పట్టుకుని సెలవు ఇప్పించారు. తన పనిని మాత్రం అప్పట్నుంచీ నాచేత ఒకసారి చూపించుకునేవారు. "చూడు నాయనా, నా చెయ్యి మీద నాకు నమ్మకం ల్యా" అనేవారు. నేను పెద్దమనిషిలా వంగి చూసి, బాగుందండి అనేవాణ్ణి. ఇది రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

మూడోరోజు చేసే జియారత్ ప్రార్థనకు రాయచోటి వెళ్ళాను. సమాధి దగ్గర పూలు చల్లి అందరూ కదిలాక ఒక ముసలాయన నా భుజం పట్టుకున్నాడు. టైలర్. తిరిగొచ్చాక మళ్ళీ కువైట్ మొహం చూడలేదట, రాయచోటి బజారులోనే కుట్టుపని చేసుకున్నాడట.

"భాయ్ కువైట్ వదిలి వచ్చినప్పటి నుంచీ రంజాన్ పండగ నాడు నా ఇంటికొచ్చేటోడు" అన్నాడు. "కావిలించుకుని, ఆ సంగతి మాఫ్ చెయ్యి అనేటోడు. చేసినా పో భాయ్ అంటాంటి. ఒక యేడు ఇంట్లో బాగలేదు, కోపంలో చెయ్యను పో అంటి. నా గడపలోనే కూచున్న్యాడు. సేమియా ఇచ్చినా ముట్టల్యా. సాయంత్రం అసర్ నమాజు దాకా అట్లే ఉన్న్యాడు."

నేను అక్కడే చెప్పేశాను. డిలే తీసెయ్యడం, మళ్ళీ పెట్టడం, టంకం మీదికి నెట్టడం, అంతా. చెప్పి చేతులు జోడించాను.

అతను తిట్టలేదు. నన్ను చూడను కూడా లేదు. "నీకేమని చేసేది మాఫ్?" అన్నాడు. "నా కాడుండేదంతా ఆయనకే ఇచ్చేస్తి గదా."

చెప్పులు విడిచి, మోకాళ్ళు పట్టుకుంటూ సమాధి దగ్గరికి తిరిగి వెళ్ళి పచ్చిమట్టి పక్కన కూలబడ్డాడు. "భాయ్, ఆ పండగ నాటిది నన్ను మాఫ్ చెయ్యి" అన్నాడు. అని, జవాబు కోసమన్నట్టు తల వంచి అలాగే కూర్చున్నాడు.